తోడల్లుడి సెల్ఫ్ స్టార్ట్ బండి

తొంభైల మొదట్లో, నాకు పెళ్లయిన కొత్తలో, ధర్మవరంలో మా అత్తగారి వీధికి మోటార్ సైకిల్ మీద వచ్చే అల్లుణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు నేను హిందూపురంలో ఒక చింతపండు మండీలో గుమాస్తాని. సెకండ్ హ్యాండులో కొన్న బండి. పెనుకొండ మీదుగా ధర్మవరం చేరేలోపు ఎక్కడో ఒకచోట మొరాయించేది. దిగి, ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో రుద్ది, పాయింట్ల మధ్య చేరిన మసి తుడిచి కిక్కు కొడితే మళ్లీ పలికేది.

మా మామ పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంటలో కూర్చునే, వీధి మలుపులో నా బండి శబ్దం గుర్తుపట్టి, "పెద్దల్లుడు వస్తాండాడు, నీళ్లు పెట్టండి" అని లోపలికి కేకేసేవాడు. సాయంత్రం నా వెనక కూర్చుని బజారుకు వచ్చేవాడు. మాటలు తక్కువ మనిషి. బండి ఆగితే మాత్రం నా పక్కన గొంతుక్కూర్చుని నా చేతుల వంకే చూసేవాడు. "నీకు పని తెలుసునబ్బా" అన్నాడొకసారి. ఆ మాట తలుచుకుని చాలా ఏళ్లు గర్వపడ్డాను.

తర్వాత మా మరదలికి పెళ్లయింది. ఆమె భర్త పెనుకొండలో బడిపంతులు. మొదట్లో బస్సులో వచ్చేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు కొత్త బండి కొన్నాడు. ముందర అంకెలు వెలిగే మీటరు, సెల్ఫ్ స్టార్టు. మామ దాని చుట్టూ తిరిగి వంగి చూశాడు.

"కిక్కు యాడుండాది?"

"కిక్కే లేదు మామా. ఇట్ల నొక్కితే చాలు."

మామ బొటనవేలితో నొక్కాడు. బండి మెత్తగా పలికింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. నా పెళ్లయినప్పటి నుంచి ఆయన ముఖంలో ఆ నవ్వు నేను చూడలేదు.

"ఇవన్నీ కరెంటు సామాన్లు మామా. గట్టి వానొకటి పడితే సరి, మూలపడతాది" అన్నాను.

"చూస్తాం లేన్నా" అన్నాడు తోడల్లుడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

అప్పటి నుంచి వానకోసం మా జిల్లాలో రైతుల కంటే ఎక్కువగా నేనే ఎదురుచూశాను. వచ్చింది. ఇద్దరం పెనుకొండ నుంచి కలిసి బయల్దేరిన రోజే, ఊరు దాటగానే కుండపోత. ప్లగ్గు మూతలోకి నీళ్లు పోయి ఆగింది నా బండి. అతను వెనక్కి తిరిగి వచ్చి, తన రెయిన్ కోటు విప్పి, నేను ప్లగ్గు తుడుచుకునేంతసేపూ నా తల మీద పట్టుకుని నిలబడ్డాడు. తాను తడిసిపోయాడు. పక్కన అతని బండి సన్నగా పలుకుతూనే ఉంది. బండి కంటే అతని మంచితనమే నన్ను ఎక్కువ మండించింది.

ఇక మామ బజారుకు అతని వెనకే వెళ్లడం మొదలైంది. ఆ బండి శబ్దం మగ్గం దాకా వినబడదు గనక, అతనొచ్చే రోజు ముందే లేచి వచ్చి గడప మీద కూర్చునేవాడు. నాకోసం ఎప్పుడూ అలా కూర్చోలేదు.

ఒక ఆదివారం ఇద్దరూ చెరువు చేపలకని బుక్కపట్నం వెళ్లారు. నేను అత్తగారింట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం కాకముందే ఫోన్ వచ్చింది.

"అన్నా, దోవలో బండి ఆగిపోయింది. మీటర్లో లైటు కూడా లేదు. నువ్వు రావల్ల."

ఆ రోజు నా బండి ఒక్క కిక్కుకే లేచింది. దారంతా పాడుకుంటూ వెళ్లాను. మామ చేపల సంచి పక్కన పెట్టుకుని కల్వర్టు గట్టు మీద కూర్చున్నాడు. తోడల్లుడు చెమటలు కక్కుతూ బటన్ నొక్కుతున్నాడు. దగ్గర ఊరి నుంచి వచ్చిన మెకానిక్ అటూ ఇటూ చూసి, "దీన్ని నేను ముట్టుకోనప్పా, షోరూముకే పోవల్ల" అని వెళ్లిపోయాడు.

"నేను చెప్పలేదా మామా?" అన్నాను. ఆయన లేచి వచ్చి నా వెనక కూర్చున్నాడు. నా కాలు తోడల్లుడి బండి ఫుట్‌రెస్టుకు ఆనించి ధర్మవరం దాకా తోసుకుంటూ వచ్చాను. కాలు పీకేసినా ఊరంతా చూడాలని బజారు మీదుగానే తోశాను.

షోరూములో పని నేర్చుకునే పిల్లవాడెవరో కాదు, పెద్ద మెకానిక్కే వచ్చి సీటు విప్పాడు. "బండికేం కాలేదు సార్, ఎలుక వైరు కొరికింది" అన్నాడు. తెగిన చోట ముడేసి టేపు చుట్టాడు. మీటరు వెలిగింది. నా ముఖం ఆరిపోయింది.

"ఎలుక కొరికితే బండేం చేస్తాది, పాపం" అంటూ మామ చేపల సంచితో సహా వెళ్లి మళ్లీ అతని వెనకే ఎక్కాడు.

భోజనాల దగ్గర నేను తలెత్తలేదు. చేతులు కడుక్కునేటప్పుడు తోడల్లుడు నా పక్కకొచ్చి నెమ్మదిగా అన్నాడు: "నీ మీద నాకు కుళ్లుగా ఉంటాదన్నా. నీ బండి ఆగితే నువ్వే బాగు చేసుకుంటావు, మామ పక్కన కూర్చుని చూస్తాడంట. ఈ పొద్దు నాది ఆగితే ఆయన దూరంగా పోయి కూర్చున్నాడు. బటన్ నొక్కేది తప్ప నాకేం తెలుసు?"

తువ్వాలు అతనికి అందించాను.

మరికొన్నాళ్లకు నేనూ సెల్ఫ్ బండే కొన్నాను. ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. పాత బండిని అమరాపురం వైపు రైతొకాయన తీసుకున్నాడు. మా ఇంటి ముందరే అది మొరాయిస్తే, ఆయనే కూర్చుని ప్లగ్గు విప్పి, ఊది, బిగించి కిక్కు కొట్టాడు. పలికింది. "ఇంజన్ చానా బాగుండాదప్పా" అని నవ్వుతూ మడకశిర రోడ్డు పట్టాడు. కొత్త బండి తాళంచెవి నా చేతిలోనే ఉంది. అయినా మసి అంటిన ఆయన వేళ్లను చూసి నాకు అసూయ కలిగింది.