గ్రామఫోను పెట్టె వెనక్కి చూసిన మనిషి

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. అచ్చులో ఉన్న అబద్ధం. దానికి నన్ను మెచ్చుకున్నవాళ్ళున్నారు, శాలువా కప్పినవాళ్ళు కూడా ఉన్నారు. పాత పాటలు, నాటకాలు, మన చిన్ననాటి వినోదాల గురించి జ్ఞాపకాల వ్యాసాలు బాగా రాయడం ఎలాగని మీరు నన్ను అడిగారు. సలహా చెప్పే అర్హత నాకు లేదు. నేను చేసిన పని చెబుతాను. నా పేరు మాత్రం ఎక్కడా రాయకండి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. మాది నూజివీడు పక్కన మామిడితోటలున్న కుటుంబం. నేను అప్పుడే చదువు ముగించి, తోట పని చూడమంటే చెట్టు కింద కాగితాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. గ్రామఫోను మా వైపుకు కొత్తగా వచ్చిన రోజుల మీద ఒక వారపత్రిక వాళ్ళు వ్యాసం అడిగారు. మా నాన్నగారు ఆ పెట్టె కొన్నది నా ఎనిమిదో ఏట. కాయ కోత రోజుల్లో దాన్ని తోటలోకి తెప్పించి, కూలీలంతా వినేలా పద్యాల ప్లేట్లు వేయించేవారు.

నిజంగా రాయదగింది అంతే. అందులో నవ్వు లేదు. పాత రోజుల వ్యాసమంటే చదివేవాడు నవ్వాలి, ఆ కాలం వాళ్ళు ఎంత అమాయకులో అనుకోవాలి అని నా నమ్మకం. ఎవర్ని చూసి నవ్వాలి? వీరమ్మను తెచ్చి పెట్టాను.

వీరమ్మ మా తోటలో కాయలు ఏరి, గడ్డి పరిచిన గంపలకెత్తే ఆడకూలీల్లో ముందు పాట పాడే మనిషి. ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. ఆ పాటను పట్టుకునే అందరి చేతులూ ఆడేవి. గ్రామఫోను మొదటిసారి పాడినప్పుడు వీరమ్మ పెట్టె వెనక్కి వెళ్ళి పాడే మనిషి కోసం వెతికిందనీ, పాపం ఆకలేస్తుందేమోనని దాని ముందు ఒక రసం పండు పెట్టిందనీ రాశాను. పేరు కూడా మార్చలేదు. పేరుంటే నమ్ముతారని.

పత్రిక హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో వచ్చింది. మధ్యాహ్నం కూలీలు అన్నాలు తింటుండగా నేనే చదివి వినిపించాను. చదవమని ఎవరూ అడగలేదు. పెట్టె కొత్తగా వచ్చిన నాటి కూలీల్లో వీరమ్మ తప్ప ఎవరూ అప్పటికి మిగల్లేదు. అందరూ పగలబడి నవ్వారు. వీరమ్మ చేతిలో ముద్ద దింపేసి నా వంక చూసింది.

తరవాత చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"నేనెప్పుడు చూశానండీ బాబుగారూ, పెట్టె ఎనక్కి?"

"వ్యాసాలు అలాగే రాస్తారు వీరమ్మా. సరదాకి. నిన్నెవరేమంటారు?"

"మీరు రాసింది ఉండిపోద్దండి. నేను కాదన్నది ఎవరికి తెలుస్తది?"

నేను నవ్వేసి పత్రిక మడుచుకున్నాను.

మర్నాటి నుంచి ఆమె పాట ఎత్తుకోగానే ఎవరో ఒకరు పెట్టె మాట ఎత్తేవారు. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు నుంచి పాడలేదు. మరుసటి ఏడాది కోతకు మా తోటకు రాలేదు, విస్సన్నపేట వైపు వెళ్ళిపోయింది. అక్కడా నోరు విప్పలేదని విన్నాను. పత్రికకు నాలుగు వాక్యాల దిద్దుబాటు పంపితే సరిపోయేది. ఎందుకు పంపలేదు? బద్ధకమా? కూలి మనిషి కోసం అంత అవసరమా అనుకున్నానా? అవీ ఉన్నాయేమో. కానీ అసలు కారణం వేరు. దిద్దాలంటే జరిగింది రాయాలి. అది నావల్ల కాలేదు.

ఆ వ్యాసం బాగా నడిచింది. వేరే ఊళ్ళ రచయితలు ఆ ముచ్చటను తమ ఊళ్ళో జరిగినట్టు రాసుకున్నారు. కొన్నాళ్ళకు నేను కళ్ళు మూసుకున్నా వీరమ్మ వంగి పెట్టె వెనక్కి చూస్తున్నట్టే కనిపించడం మొదలైంది, నా చేత్తో నేను కల్పించిందే నాకు జ్ఞాపకమై కూర్చుంది. అప్పుడు నిజంగా భయం వేసింది.

ఆమె పోయిందని ఆలస్యంగా తెలిసింది. బతికి ఉంటే వెళ్ళి క్షమించమని అడిగేవాణ్ణా? ఏమో. అడిగేవాణ్ణని చెబితే అదీ ఇంకో అబద్ధమే.

పెట్టె వెనక్కి చూసింది నేను. ఎనిమిదేళ్ళవాణ్ణి, కూలీలందరి ముందూ పాక్కుంటూ వెళ్ళి పాడే మనిషి కోసం వెతికాను. పండు పెట్టిందీ నేనే. అందరూ నవ్వబోతే వీరమ్మ వాళ్ళను కసిరి, నన్ను ఎత్తుకుని, ప్లేటు మీద గీతలు చూపించి, ఎక్కడో పాడిన పాటను ఇందులో దాచారని మెల్లగా చెప్పింది. ఆ రోజు నన్ను చూసి ఎవర్నీ నవ్వనివ్వలేదు. పెద్దయ్యాక నా సిగ్గు తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టాను.

ఈ మాట మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. మీకు చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది.