ఏడు నిమిషాల తూర్పుగాలి

గొర్రెల కాపరి కొడుకు ఆకాశాన్ని అందుకున్నాడని కురుమ గుర్వయ్యను పొగుడుతుంటారు. దండగ పొగడ్త. ఆయన అందుకున్నది పాలమూరు వాతావరణ కేంద్రంలో చిన్న ఉద్యోగం. రోజూ బెలూన్ వదిలి, దుర్బీన్‌లో దాని వెంటబడి, నిమిషానికోసారి కోణాలు రాసి, పైన గాలి ఎటు నుంచి వీస్తోందో లెక్కగట్టాలి. ఆ అంకెలు తంతి మీద బొంబాయి వెళ్లేవి. 1965లో అక్కడ కొందరు భూమ్మీది గాలినంతా సమీకరణాల్లోకి దించి, రేపటి గాలిని కంప్యూటర్ చేత ముందే చెప్పించి, మర్నాడు అసలు అంకెలతో పోల్చి చూస్తున్నారు.

జులైలో బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. పడమటి గాలి ఉండాల్సిన చోట పాలమూరు తూర్పుగాలి పంపిందట. తప్పు దిద్ది, సంతకం చేసి పంపాలట.

సూపరింటెండెంట్ రజాక్ సాబ్ వెంటనే గుర్వయ్యను అనుమానించాడు. గుర్వయ్య వాళ్లింట్లో, వానగాలికి మంద ఎటు తోసుకుపోతే ఆ దిక్కు పేరే గాలికి పెడతారు. ఆఫీసులో గాలి వచ్చే దిక్కు పేరు రాయాలి. కొలువులో చేరిన కొత్తలో గుర్వయ్య మూడు రోజులు తలకిందులుగా రాశాడు.

"మళ్ల గొర్ల దిక్కు రాసినవా, గుర్వయ్యా?"

"లే సార్. గాలే తిరిగింది. నేను తిరగలే."

సంతకం పెట్టకపోతే పై ఆఫీసుకు ఫిర్యాదు పోతుందని, ఉద్యోగానికే ముప్పని సాబ్ నచ్చజెప్పాడు. గుర్వయ్య వినలేదు. మబ్బుల సందున బెలూన్ కనిపించిన ఏడు నిమిషాల కోణాలూ ఉన్న అసలు కాగితానికి నకలు రాసి, మీరే లెక్కగట్టుకోండని పంపాడు.

పదమూడు రోజులకు జవాబొచ్చింది. ఆ రోజు పాలమూరుకు దక్షిణాన చిన్న వాయుగుండం ఉంది, పడమటి గాలిని తూర్పుగాలిగా తిప్పింది అదే. కంప్యూటర్ పటంలో ఒక్కో గడి వందల మైళ్లు. వాయుగుండం గళ్ల మధ్య జారిపోయింది. పాలమూరు అంకె సరైనదే, మా లెక్కనే సవరిస్తున్నామని రాశారు. రజాక్ సాబ్ ఆ ఉత్తరాన్ని ఆఫీసులో అందరి ముందూ రెండుసార్లు చదివాడు.

ఆదివారం గుర్వయ్య ఊరికి వెళ్లి తండ్రి బీరప్పకు సంగతి చెప్పాడు. ముసలాయన ఉన్ని వడుకుతూ విన్నాడు.

"గంత పెద్ద మిషిని నీ మాట ఇన్నదా?"

"ఇన్నది బాపు. పదమూడు దినాలు పట్టింది."

"నయమే. లగ్గమైనకాన్నుంచి చెప్తున్న, మీ అవ్వ నా మాట ఇంకా ఇంటలేదు."

అంటూనే లేచి, గొంగడి దులిపి, కొడుకు కూర్చోవడానికి తన పక్కన పరిచాడు.