బాపుకు కొన్న పిస్తోలు

మా అన్నకు బాపు మీద ప్రేమ పుట్టుకొచ్చింది ఆయన రిటైరవడానికి రెండు నెలల ముందు. అంతకుముందు బాపు అనే తండ్రి ఒకడున్నాడని అతనికి గుర్తొచ్చేది ఎవరితోనైనా తగాదా పడ్డప్పుడే. "మా బాపు మిలిటరీ మనిషి, ఏమనుకుంటున్నవ్?" అని అవతలివాణ్ణి బెదిరించేవాడు. తగాదా ముగిశాక మిలిటరీ మనిషిని మళ్ళీ మరిచిపోయేవాడు.

బాపు పెద్ద యుద్ధం రోజుల్లో మంథని పక్క పల్లె నుంచి వెళ్ళి తెల్లవాళ్ళ పటాలంలో చేరాడు. బర్మా సరిహద్దు దాకా పోయి వచ్చాడు. వచ్చాక కొన్నేళ్ళు దున్నుకుని బతికి, గోదావరిఖనిలో బొగ్గు గనులు తెరిచిన కాలంలో కంపెనీలో కావలి ఉద్యోగానికి కుదిరాడు. గని గేటు దగ్గర ఖాకీ బట్టలతో, చేతిలో లాఠీతో నిలబడేవాడు. నాకు తెలిసిన బాపు అంతే. తెలుసుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

అన్న కంపెనీ ఆఫీసులో గుమాస్తా. మా కాలనీ వైపు ఒక కంట్రాక్టరు ఉండేవాడు, ఒకప్పటి కెప్టెన్. నడుముకు తోలు సంచీలో పిస్తోలు వేలాడేసుకుని బజారుకొచ్చేవాడు. వంకాయలు బేరమాడడానికి పిస్తోలెందుకో నాకు అర్థమయ్యేది కాదు గానీ, అన్న మాత్రం ఆ నడుము వైపు నోరు తెరుచుకుని చూసేవాడు. బాపు రిటైర్మెంటు దగ్గరపడేసరికి ఆ చూపుకు ఒక దారి దొరికింది.

"శాలువ కప్పుతరు, గోడ గడియారం ఇస్తరు. అందరికీ ఇచ్చేదే గద. మనం పిస్తోలు ఇద్దాం చెల్లె, మిలిటరీ పిస్తోలు. అందరి ముందట."

"బాపును అడిగినవా?"

"అడిగితె వద్దంటడు. ఇంక అడుగుడేంది?"

ఈ తర్కానికి నేను తలూపాను. అప్పటికి నేను ప్రైమరీ స్కూల్లో టీచరును. నలభైమంది పిల్లలకు మంచీచెడూ చెప్పేదాన్ని. అయినా వేదిక మీద మా బాపు, ఆయన చేతిలో పిస్తోలు, ముందు వరసలో నేను, ఈ దృశ్యం నాకూ బాగానే నచ్చింది. అన్నను వెక్కిరించే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

రామగుండంలో ప్యాసింజరు ఎక్కి ఇద్దరం హైదరాబాదు వెళ్ళాం. దారి పొడుగునా అన్న తుపాకుల గురించి చెబుతూనే ఉన్నాడు. అతను జీవితంలో పట్టుకున్న ఆయుధం ఆఫీసులో కాగితాలకు చిల్లులు పొడిచే దబ్బనం.

ఆబిడ్స్ దగ్గర తుపాకుల దుకాణంలో గోరింట రంగు గడ్డం పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. అన్న ఛాతీ విరిచి మిలిటరీ పిస్తోలు కావాలన్నాడు.

"లైసెన్సు ఉన్నదా?"

"మా బాపు మిలిటరీల పని చేసిండు."

"ఆయనకు నా సలాం. లైసెన్సు ఏది?"

లైసెన్సు అనేది ఒకటుంటుందని అన్న అప్పటిదాకా ఆలోచించనే లేదు. పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాలి, పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారు, నెలలు పడుతుంది, ఇస్తారన్న నమ్మకమూ లేదు. మిలిటరీ వాడే రకం అయితే లైసెన్సు ఉన్నా బయటి మనుషులకు అమ్మడం మనా. అన్న అద్దాల బీరువాలోని విదేశీ పిస్తోలు ఒకదాని ధర అడిగి, విని, ఆ బీరువాకు దూరంగా జరిగాడు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క మాట అడుగుత. కాల్చెతందుకా, చూపెట్టెతందుకా?"

"చూపెట్టెతందుకే," అన్నాడు అన్న, సిగ్గులేకుండా.

ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆయన కింది అర నుంచి మూడు పిస్తోళ్ళు తీసి బల్ల మీద పరిచారు. గాలి పిస్తోళ్ళు. లైసెన్సు అక్కర్లేదు, సీసం గోలీలు, ధర కూడా మాబోటివాళ్ళకు అందేదే. ఒకటి రేకు బొమ్మలా తేలిగ్గా ఉంది. రెండోది జాతరలో బుడగలు పేల్చే తుపాకీని పొట్టిగా కోసినట్టుంది. మూడోది నల్లగా, బరువుగా, గోధుమరంగు పిడితో కాస్త పెద్దమనిషి తరహాగా ఉంది. అన్న దాన్ని పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కకు తిరిగి చూసుకున్నాడు. బహుమానం బాపు కోసమన్న సంగతి ఆ అద్దానికి కూడా తెలిసి ఉండదు.

"నల్లదే తీస్కో అన్న. గా పిడి మంచిగున్నది," అన్నాను నేను. నా ఎంపికకు కారణం, బజారులో గోడ మీద సినిమా బొమ్మలో హీరో చేతిలో అలాంటి పిడే చూశాను. టీచరమ్మ విజ్ఞానం అంతవరకే.

పెద్దాయన పెట్టె మీద కాగితం చుడుతూ అడిగారు. "మీ బాపు ఏ పల్టన్ల చేసిండు?"

నేనూ అన్నా మొహమొహాలు చూసుకున్నాం.

"బర్మా," అన్నాడు అన్న.

"బర్మా పల్టన్ పేరు కాదు బేటా," అని ఆయన దారం ముడేసి పెట్టె మా వైపు జరిపారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

రిటైర్మెంటు సభ గని ఆవరణలో షామియానా కింద జరిగింది. ఫస్టు షిఫ్టు దిగినవాళ్ళు మొహాల మీద బొగ్గు కడుక్కుని వచ్చి వెనక నిలబడ్డారు. శాలువా, గడియారం అయ్యాక అన్న మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెతో వేదిక ఎక్కాడు. "మా బాపు బర్మా యుద్ధంల పట్టిన పిస్తోలు అసొంటిదే ఇది!" అని చదివింపులు ప్రకటించినట్టు అరిచాడు. గని మేనేజరు దాన్ని అందుకుని, బరువు చూసి, టీ బల్ల వైపు గురిపెట్టాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వితే నవ్వడం ఉద్యోగంలో భాగం.

"చెప్పు, ఎంతమంది జపానోళ్ళను లేపేసినవ్?" అన్నాడు మేనేజరు, పిస్తోలును పెట్టెలో పెట్టి బాపు చేతుల్లో ఉంచుతూ.

బాపు పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు. పిస్తోలును ముట్టుకోలేదు. మైకు ముందు మెల్లగా మాట్లాడాడు.

"నాకు పిస్తోలు ఇయ్యలేదు సార్. నాది ఖచ్చర్ల డ్యూటీ. సామాను మోసే కంచరగాడిదలు. అడివిల అరిస్తె దుష్మన్‌కు తెలుస్తదని వాటి గొంతుల నరం కోసిండ్రు. అరవలేకపోయేటియి. కాలు ఇరిగిందాన్ని, నడవలేందాన్ని ఆఫీసరు పిస్తోలుతోటి కాల్చేది. నేను దాని తలకాయ పట్టుకునేది, కదలకుంట. గదే నా డ్యూటీ. పిస్తోలు అంటె నాకు గదే యాదికొస్తది."

మైకు సగం మాటలు మింగి మిగతా సగానికి ఈల వేసింది. ముందు వరసలో ఉన్న నాకు అన్నీ వినిపించాయి. వెనకవాళ్ళకు 'అడివి', 'దుష్మన్', 'పిస్తోలు' అందినట్టున్నాయి, చప్పట్లు మారుమోగాయి. పక్కనే కూర్చుని అంతా విన్న మేనేజరు కూడా చప్పట్లు కొట్టాడు. "శాబాష్! బహాదూర్!" అన్నాడు. ఆయన ఏ చెవితో విన్నాడో తెలియదు.

ఫోటోగ్రాఫరు బాపును పిస్తోలు ఎత్తి పట్టుకోమన్నాడు. బాపు పెట్టెను అన్న చేతికిచ్చాడు.

"నువ్వే పట్టుకో బిడ్డా. నీకే మంచిగుంటది."

అన్న పట్టుకున్నాడు కూడా. ఆ ఫోటోలో బాపు మెడలో దండతో ఒక పక్కకు నిలబడి ఉంటాడు. మధ్యలో అన్న, పిస్తోలుతో.

ఇంటికొచ్చాక ఖచ్చర్ల సంగతి నీకు తెలుసా అని అవ్వను, అంటే మా అమ్మను, అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అవ్వ తలెత్తలేదు.

"పొయ్యి కాడ కూసోని ఎన్నిసార్లు చెప్పిండో. మీరు ఎన్నడన్న కూసున్నరా?"

పిస్తోలు అన్న క్వార్టర్‌లో షోకేసులోకి చేరింది. నెల తిరక్కుండానే దానికి చరిత్ర పుట్టింది. మొదట బర్మా నుంచి తెచ్చిందన్నాడు. తర్వాత తెల్ల కెప్టెను చనిపోతూ బాపు చేతిలో పెట్టిందయింది. ఆ తర్వాత ముగ్గురు శత్రువులు కూడా దానితో చచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న ఆఫీసులోని పెద్దగుమాస్తా ఆ క్వార్టర్‌కు వచ్చాడు. నేనూ బాపూ అక్కడే ఉన్నాం. బాపును ఎదురుగా కూర్చోబెట్టుకునే అన్న ముగ్గురు శత్రువుల కథ మొదలుపెట్టాడు. ఆ ధైర్యానికి ఏ పటాలమైనా పతకం ఇవ్వాలి.

బాపు సాసరులో పోసుకున్న టీ తాగి, సాసరు కింద పెట్టాడు.

"గా పిస్తోలు మొన్న హైదరాబాదుల కొన్నరు సార్. గాలిది. పిట్ట గూడ సరిగ సావది."

పెద్దగుమాస్తాకు దగ్గొచ్చింది. అన్న మూడు నెలలు బాపుతో మాట్లాడలేదు. తన పరువు బాపే తీశాడని కాలనీ అంతా చెప్పుకున్నాడు.

ఆ మూడు నెలల్లో ఒక సెలవు రోజు నేను బాపు పక్కన కూర్చుని, ఖచ్చర్ల గురించి చెప్పమన్నాను. ముప్పై ఏళ్ళు దగ్గరపడ్డాక కూతురికి ఆ ప్రశ్న తట్టింది. ఆయన నన్ను దెప్పలేదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. నీళ్ళు దాటనని మొరాయించేదాన్ని ఎట్లా దాటించాలో, బురదలో జీను తడిస్తే వీపు ఎట్లా పుండవుతుందో చెప్పాడు. ఒకదాన్ని కాల్చాలని హుకుం వచ్చినప్పుడు, ఆఫీసరు వచ్చేలోపు దాన్ని వెదురు పొదల్లోకి తోలేశాడట.

"బతికిందా బాపు?"

"ఏమో. మల్ల ఎతికిన. పిలిచిన. గొంతు లేకపాయె, ఎట్ల పలుకుతది?"

"మరి నిన్నేమనలేదా?"

"అనకేంది, సజా ఏసిండ్రు. అది మోసే పిండి మూట వారం దినాలు నన్నే మొయ్యమన్నరు," అని బాపు నవ్వాడు. యుద్ధం గురించి చెబుతూ ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను.

మనసాగక ఆ సాయంత్రమే వెళ్ళి అన్నకు చెప్పాను. అతను పిస్తోలు పిడిని నూనె గుడ్డతో తుడుస్తూ అంతా విన్నాడు.

"గిసొంటియి బయట ఎవ్వలకు చెప్పకు చెల్లె," అన్నాడు. "ఇజ్జత్ పోతది."