చలపతిరావు విప్పిన కార్బురేటర్

కూకట్‌పల్లి దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో సాయిలు మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. పక్కనే మా కిరాయి సైకిళ్ల దుకాణం. అతని సొంతూరు ఖాజాగూడ. తండ్రి రాయదుర్గం గుట్టల్లో బండలు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్నాడు. సాయిలుకు చెవులే బతుకుతెరువు. బండి రోడ్డు మీదుండగానే చప్పుడు విని, కార్బురేటర్‌లో మురికి ఎక్కడ పట్టిందో చెప్పేవాడు. బండ్లున్న వాళ్లలో నూటికి తొంభై మంది వాటి మీద కూర్చోవడానికి తప్ప ఎందుకూ పనికిరారని అతని అభిప్రాయం. నేను చూసినంతలో అది తప్పు కాదు.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో ఒకరోజు చలపతిరావు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఫ్యాక్టరీలో ఇంజినీరు. మిలిటరీ వేలంలో కొన్న పాతికేళ్ల నాటి బండి ఆయనది. నల్లటి పొగ కక్కుతూ వచ్చి షెడ్డు ముందు ఆగిపోయింది.

"ఏమోయ్, పోయినసారి బాగుచేసినప్పుడు అసలు జెట్టు కొట్టేసి నాసిరకందేదో పెట్టావు కదూ? ఇంజినీరుకి తెలీదనుకున్నావా?" అని నలుగురూ వినేలా అరిచాడు.

సాయిలు బండి పక్కన కూర్చున్నాడు. తెల్లబట్ట పరిచి కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు కొలతగా పోయే చిన్న ఇత్తడి జెట్టును వెలుతురుకు పెట్టి చూశాడు. వెంట్రుక దూరేంత ఉండాల్సిన రంధ్రం గీరుకుపోయి పెద్దదైంది.

"గిది మీ బండి జెట్టే సార్. నంబరు చూడుండ్రి. ఇంట్ల మీరు ఇప్పిండ్రా?"

"కాస్త శుభ్రం చేశాను. అయితే?"

"దేంతోని?"

"సూదితో. శుభ్రం చెయ్యమని పుస్తకంలోనే ఉంది."

"సూదితోని పొడువుమని ఉన్నదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చలపతిరావు ముఖం ఎర్రబడింది. తప్పయిందన్న మాట మాత్రం నోట రాలేదు. "సరే సరే, తొందరగా బిగించు. డ్యూటీకి వెళ్లాలి" అన్నాడు.

సాయిలు ముక్కలన్నీ బట్టలో మూటగట్టి ఆయన చేతిలో పెట్టాడు. "దొంగ బిగిస్తే మళ్ల చెడిపోతది. నువ్వే బిగించుకో, పో."

మిట్టమధ్యాహ్నం ఆ ఇనపదున్నను నెట్టుకుంటూ ఇంజినీరు ఇంటిదారి పట్టాడు. నాకేమీ జాలి కలగలేదు.

మర్నాడు ఆ మూటతోనే ఆయన భార్య పుణ్యవతి బస్సు దిగింది.

"సాయిలుగారూ, ఆయన అలా అనడం తప్పండి. ఆ సూది నాదే. వద్దన్నా వినలేదు" అంది. సాయిలు పేరు వెనక గారు తగిలించిన మనిషి అంతవరకు లేడు.

"జెట్టు మార్చి బిగించిస్త, తీస్కపో అమ్మా."

"మీరు బిగించిస్తే ఆయన మళ్లీ విప్పుతారండి. నాకు నేర్పండి. నేనే చేసుకుంటాను."

సాయిలు వెటకారంగా నవ్వాడు. "నీతోని కాదు."

ఆమె మూట విప్పి, ముక్కల్ని అవి ఉండాల్సిన వరుసలో పేర్చింది. మొగుడు విప్పుతుంటే చూసి గుర్తు పెట్టుకుందట. ఒక్కటే తప్పు పోయింది. సాయిలు నవ్వు ఆపి కింద కూర్చున్నాడు. పెట్రోలులో కడగడం, మా దుకాణం పంపుతో రంధ్రాల్లోకి గాలి కొట్టడం చూపించాడు. పెట్రోలు మీద తేలే ఇత్తడి డొల్లను ఆమె చెవి దగ్గర ఊపింది.

"ఇందులో ఏదో కదులుతోందండి."

సాయిలు దాన్ని వేడినీళ్లలో ముంచాడు. అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. డొల్లకు చిల్లి! చిల్లికి మాటు వేసి, కొత్త జెట్టు ఇచ్చి, "బండికి నువ్వే బిగించు తల్లీ" అని పంపాడు.

నెల తర్వాత చక్రానికి గాలి కొట్టించుకోవడానికి చలపతిరావు మా దుకాణం ముందు ఆగాడు. బండి చక్కగా ఆడుతోంది. ఎవరో మెచ్చుకుంటే, "కార్బురేటర్ నేనే బాగుచేశానండి. ఈ మెకానిక్కులకేం తెలుసు?" అన్నాడు. సాయిలు ఆయన్ని కాళ్ల నుంచి తల దాకా చూసి, పక్కకు ఉమ్మి, మళ్లీ పనిలో పడ్డాడు.

"ఎందుకు ఊకున్నవ్?" అని అడిగాను తర్వాత.

"నేను జెప్తే ఆ తల్లికి ఇంట్ల లొల్లి. గసోంటోని కోసం నా నోరెందుకు ఖరాబు చేసుకోవాలె?"

తర్వాత చాలా ఏళ్లు, ఇంట్లో తానే విప్పానంటూ ఎవరు బండి తెచ్చినా సాయిలు ముఖం కూడా ఎత్తకుండా అడిగేవాడు: "ఇంట్ల ఆడమనిషి ఉన్నదా? పోయి ఆమెను తోలియ్యి."