చదువు ఊసెత్తని చోటు

మా వైపు మనిషి పరిచయమైతే రెండో మాటే చదువు. "ఎవరి అమ్మాయివమ్మా?" అని ముందు అడుగుతారు, "ఏం చదువుతున్నావు?" అని ఆ వెంటనే అడుగుతారు. రామచంద్రపురం బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది. పెళ్ళి భోజనాల్లో ఎదుటి వరసలో కూర్చున్నాయన అడుగుతాడు. జాకెట్లు కుట్టే ఆవిడ టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూది పెట్టుకుని మరీ అడుగుతుంది. ఇందులో దుర్బుద్ధేమీ లేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం ఎంత మర్యాదో ఇదీ అంతే మర్యాద. కానీ పదిహేడేళ్ళ వయసులో ఆ మర్యాదకి జడిసి నేను నెలల తరబడి వీధి గుమ్మం దాటలేదు.

ఇంటర్ రెండో ఏడాది మధ్యలో విజయవాడ హాస్టల్ నుంచి వచ్చేశాను. వచ్చేశాను అనడం గొప్పలకి పోవడమే, నాన్న వెళ్ళి తీసుకొచ్చారు. అంతకుముందు మూడు వారాలుగా నాకు నిద్ర లేదు, అన్నం సహించడం లేదు. ప్రతి ఆదివారం పరీక్ష, ప్రతి బుధవారం గోడ మీద ర్యాంకుల కాగితం. ఒకరోజు పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయాను. జ్వరం లేదు, నొప్పి లేదు, లేవడానికి మనసొప్పలేదు, అంతే. వార్డెన్ ఇంటికి ఫోన్ చేసింది. తిరుగు బస్సులో సిద్ధాంతం వంతెన దాటేదాకా నాన్న నోరు విప్పలేదు. దాటాక, "రావులపాలెంలో దిగి ఏమైనా తిందామా?" అన్నారు. ఆ రోజు ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

ఇంటికొచ్చాక ఊరికి ఏదో ఒకటి చెప్పాలి కదా. పచ్చకామెర్లని చెప్పింది అమ్మ. ఇంకేముంది, ఊరు ఊరంతా వైద్యానికి దిగింది. ఒకరు నేల ఉసిరి తెచ్చిచ్చారు. ఇంకొకావిడ పక్క ఊరి నుంచి పసరు తెప్పించి, నేను గ్లాసు ఖాళీ చేసేదాకా మంచం పక్కనే కూర్చుంది. నూనె లేదు, కారం లేదు, పప్పులో పోపు లేదు. లేని జబ్బుకి రెండు నెలలు చప్పిడి కూడు తిన్నాను. ఉన్న జబ్బు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. దీనికి అమ్మని తప్పుపట్టలేను. పచ్చకామెర్లంటే ఊరు పలకరించడానికి వస్తుంది. ఈ జబ్బుకి వస్తుందో, వెనక నవ్వుకుంటుందో ఆవిడకి తెలియదు.

అప్పుడు వచ్చారు టీచర్‌గారు. హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరై, మా ఊరి చర్చి కాంపౌండులో చిన్న పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. తెల్ల చీర, కాళ్ళకి గోధుమ రంగు కాన్వాసు బూట్లు. ఆ చీర మీద ఆ బూట్లు చూసి చిన్నప్పుడు మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆవిడ కాంపౌండులోనే ఆడపిల్లలకి బాల్ బ్యాడ్మింటన్ నేర్పేవారు. పసుపుపచ్చని ఊలు బంతి, పొడుగు చెయ్యున్న బ్యాటు, జట్టుకి అయిదుగురు.

"మీ అమ్మాయి పొడగరండి. నాకు సెంటర్‌లో ఆడేవాళ్ళు లేరు. సాయంత్రం పంపండి," అన్నారు గుమ్మంలో నిలబడే.

"దానికి పచ్చకామెర్లండి టీచర్‌గారూ," అంది అమ్మ.

ఆవిడ లోపలికొచ్చి, నా గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశారు. "కళ్ళు తెల్లగానే ఉన్నాయిలెండి," అన్నారు. ఆ మాటతో ఆవిడకి అంతా తెలిసిపోయిందని నాకూ అర్థమైంది, అమ్మకీ అర్థమైంది. మర్నాడు అమ్మే నా జడ వేసి పంపింది.

ఆ కోర్టులో ఒక కట్టుబాటు ఉండేది. చదువేంటి, మార్కులెన్ని, ర్యాంకెంత, ఉద్యోగమొచ్చిందా, సంబంధాలు చూస్తున్నారా, ఈ జాతి ప్రశ్నలేవీ ఎవరూ ఎవర్నీ అడగకూడదు. అడిగినవాళ్ళు నేల చదును చేసే రోలర్‌ని కోర్టు చుట్టూ పదిసార్లు లాగాలి. రాతి రోలర్ అది, రెండుసార్లు లాగేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. ఒకసారి పాస్టర్‌గారు పాపం ఊరికే ఆట చూడ్డానికొచ్చి, ఒక పిల్లని పట్టుకుని "టెన్త్‌లో ఎంతొచ్చిందమ్మా?" అన్నారు. టీచర్‌గారు మొహమాటపడలేదు. "అదిగోనండి రోలర్," అని చూపించారు. ఆయన ప్యాంటు మడిచి పదిసార్లూ లాగారు. ఆ తరవాతి ఆదివారం ప్రసంగం కూర్చునే చెప్పారని చెప్పుకున్నారు.

ఎందుకండీ ఈ శిక్ష అని ఒకసారి అడిగాను.

"జవాబున్నవాళ్ళు అడక్కపోయినా చెప్పుకుంటారు. లేనివాళ్ళకి కూడా ఒక చోటుండాలి కదమ్మా," అన్నారు.

మొదటి వారం నేను బ్యాటు ముట్టుకోలేదు. కోర్టుకి నీళ్ళు చల్లడం, సున్నంతో గీతలు గియ్యడం, ఇదే పని. ఒక సాయంత్రం వెళ్ళలేక ఇంట్లో ఉండిపోయాను. ఆవిడ కబురు పెట్టలేదు, మందలించలేదు. ఆడగా ఆడగా నూగు లేచిపోయిన నాలుగు బంతుల్ని సంచిలో వేసి ఓ పిల్లచేత పంపించారు. 'నూగు కత్తిరించి ఉంచు, రేపటికి కావాలి' అని చీటీ. బంతులివ్వడానికి వెళ్ళక తప్పలేదు. వెళ్ళాక ఆడక తప్పలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు నాకు మంచం దిగబుద్ధి కాలేదో అన్నిసార్లూ ఆ సంచి మా ఇంటికొచ్చింది.

ఆట నా జబ్బు నయం చేసిందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాకినాడలో డాక్టరుగారి దగ్గరకి నన్ను తీసుకెళ్ళిందీ టీచర్‌గారే. నెలకోసారి ఇద్దరం బస్సెక్కేవాళ్ళం, ఏడాదిన్నరపాటు మందులు వాడాను. ఆట చేసిందల్లా సాయంత్రం అయిదింటికి నా కోసం నలుగురు ఎదురుచూసేలా చెయ్యడం. హాస్టల్లో చివరి రోజుల్లో నేను బతికుండడం ఎవరికీ అక్కర్లేదనిపించేది. ఆ సంగతి ఒకరోజు బస్సులో, ద్రాక్షారామం దాటాక, నా అంతట నేనే ఆవిడకి చెప్పాను. ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు. "డాక్టరుగారికి కూడా చెప్పు ఈ మాట. నాకు చెప్పాలనిపిస్తే ఏ వేళైనా రా," అన్నారు. స్టాండులో బస్సు ఆగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

తరవాత ప్రైవేటుగా ఇంటరూ డిగ్రీ కట్టాను, సొసైటీ ఆఫీసులో గుమస్తా ఉద్యోగమొచ్చింది. ఆవిడ చూపు మందగించాక పిల్లల్ని నేనే ఆడించేదాన్ని. ఆవిడ పోయి మూడేళ్ళు. ఇప్పటికీ అయిదయ్యేసరికి ఆ పెంకుటింటి వైపు చూస్తాను. బూట్లకి లేసులు కట్టుకుంటూ మెట్టు మీద కూర్చుని ఉంటారనిపిస్తుంది. అమ్మ ఉండగా, నాన్న ఉండగా నాకు ఇంకో మనిషి కోసం ఇంత బెంగేంటో చెప్పలేను, కానీ ఉంది. ఆవిడ లేరన్న సంగతి నాకు రోజూ కొత్తగానే తెలుస్తుంది.

పోయిన ఏడాది వానాకాలం అయ్యాక ఒక పిల్ల వచ్చింది. పదహారేళ్ళు. తల్లిదండ్రులు విశాఖపట్నంలో ఉంటారు, ఈ పిల్ల మాత్రం చదువు మధ్యలో ఆపేసి మా ఊళ్ళో అమ్మమ్మ దగ్గరకి చేరింది. ఎడంచేతి వాటం. ఎవరితోనూ మాట్లాడదు. కాంపౌండు గోడ అవతల నిలబడి మూడు రోజులు చూసింది, నాలుగో రోజు నీళ్ళ బకెట్టు అందిస్తే తీసుకుంది. నెలన్నర తిరిగేసరికి ఫ్రంటులో నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టు అవతల పడేసేది. నాకు ఆ పిల్లని చూస్తుంటే కడుపు నిండిపోయేది. వయసుకి నా కూతురు కావలసిన పిల్ల. నాకు పిల్లలు లేరు, ఆ లోటు ఇదివరకు పెద్దగా తెలియలేదు. ఆ నెలన్నరలో తెలిసింది.

ఒక సాయంత్రం, చాలా కష్టమైన బంతిని వంగి లేపింది. అవతలివాళ్ళు కొయ్యబారిపోయారు. ఆ పిల్ల పకపకా నవ్వింది. అదే మొదటిసారి దాని నవ్వు వినడం. ఆ సంతోషంలో దగ్గరకెళ్ళి భుజం మీద చెయ్యేసి, "ఇంత చురుకైనదానివి, ఇంటర్ ఎందుకాపేశావే? పరీక్ష మళ్ళీ ఎప్పుడు కడతావు?" అన్నాను.

నోరు జారింది అనడం కూడా సరికాదు. ప్రేమగానే అడిగాను. బస్సులో పక్క సీటావిడ కూడా ప్రేమగానే అడుగుతుంది.

పిల్లలంతా ఒక్కసారి "రోలర్, రోలర్" అని చప్పట్లు కొట్టారు. అక్క దొరికిపోయిందని వాళ్ళకి పండగ. నేనూ నవ్వేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని లాగడం మొదలుపెట్టాను. వాళ్ళు ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే ఆయాసం నటిస్తూ వాళ్ళని ఇంకా నవ్వించాను. పది పూర్తయ్యాక తలెత్తి చూస్తే ఆ పిల్ల బ్యాటు అరుగు మీద ఉంది. ఆ పిల్ల లేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బంతులు సంచిలో వేసి పంపించాను, టీచర్‌గారిలాగే. సాయంత్రానికి నూగు శుభ్రంగా కత్తిరించి తిప్పి పంపించింది, అమ్మమ్మ చేత. నాలుగుసార్లు పంపితే నాలుగుసార్లూ అమ్మమ్మే తెచ్చింది. "జ్వరమమ్మా," అంది మొదటిసారి. "నీరసం," అంది రెండోసారి. నాలుగోసారి సంచి నా చేతిలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నం తినడం లేదట, తలుపేసుకుని పడుకుంటోందట. ఆ తలుపు లోపలి నుంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏమన్నా అయితే ఆ పిల్ల ఆఖరిసారి విన్న ప్రశ్న నాదే అవుతుంది.

ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్ళింటికెళ్ళాను. తలుపు దగ్గర కింద కూర్చున్నాను. ఎలా ఉన్నావనలేదు, బయటికి రమ్మనలేదు. "ఆ రోజు నిన్ను అలా అడగడం నా తప్పు," అన్నాను. ఆ తరవాత ఉన్నదే చెప్పాను. విజయవాడ హాస్టల్, గోడ మీద కాగితం, లేవలేని పొద్దున్న, కాకినాడ డాక్టరు, మందులు. ఊళ్ళో అందరూ అనుకున్నట్టు నాకు పచ్చకామెర్లు రాలేదని చెప్పాను. వెనక అమ్మమ్మ నిలబడి వింటోంది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళు అమ్మ కాపాడుకొచ్చిన మాట అది. తెలిస్తే తెలిసిందనుకున్నాను.

చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిందా అక్కా?"

అవును అని చెప్పాలని ఎంత ఉందో. "లేదు," అన్నాను. "అప్పుడప్పుడు వస్తుంది. కానీ వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో ఇప్పుడు తెలుసు."

తలుపు తీసింది. జుట్టు అట్టలు కట్టి ఉంది. అమ్మమ్మ కలిపి తెచ్చిన పెరుగన్నం నాలుగు ముద్దలు తింది. నేను వంటింట్లోకెళ్ళి, "మామ్మగారూ, పిల్లని ఒంటరిగా ఉంచకండి. ఇవాళే వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, డాక్టరుకి చూపించాలి," అన్నాను. నేనే చెప్పాను ఆ మాట. మర్నాడు పొద్దున్నే తండ్రి కారులో వచ్చి కూతుర్ని విశాఖపట్నం తీసుకెళ్ళిపోయాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ ఇంటికి తాళం. అమ్మమ్మ కూడా వాళ్ళతో వెళ్ళింది.

అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ తరవాత ఒకరోజు కూర వడ్డిస్తూ, "మంచి పనే చేశావులే," అంది.

అమ్మమ్మ నెల తరవాత తిరిగొచ్చింది. పిల్ల అక్కడే ఉంది. మంచి డాక్టరు దొరికాడని, మందులు వేసుకుంటోందని, తమ్ముడితో పోట్లాడుతోందని ఆవిడ చెప్పింది. పోట్లాడుతోందంటే నాకు ఎంత ఊరటగా ఉందో. ఆ పిల్ల మాత్రం నాకు ఫోన్ చెయ్యలేదు. నా నంబరు దాని దగ్గరుంది. నేనూ చెయ్యలేదు. చేస్తే ఏదో ఒకటి అడిగేస్తానని నా మీద నాకే భయం.

ఈ మధ్య, ఓ రెండు వారాలుగా, మేం ఆడుతున్నప్పుడు అమ్మమ్మ కాంపౌండు గోడ దగ్గరకొచ్చి నిలబడుతోంది. చేతిలో ఫోను కోర్టు వైపు పెట్టి పట్టుకుంటుంది. మొదటి రోజు ఏంటి మామ్మగారూ అన్నాను. "ఆడుతున్నారా అని అడిగిందమ్మా. వినిపించమంది. మాట్లాడనంది," అంది. చెయ్యి నొప్పెడితే రెండో చేతిలోకి మార్చుకుంటుంది. ఫోన్లోంచి ఒక్క మాటా రాదు. అలా ఓ పావుగంట.

ఆ అవతల ఆ పిల్ల ఉంది. తిన్నావా, నిద్ర పడుతోందా, ఒక్కసారి కనపడవే, ఎప్పుడొస్తావు. అన్నీ నాలుక చివరిదాకా వస్తాయి. ఏదీ అడగను. పిల్లల వైపు తిరిగి, ఇంకాస్త గట్టిగా కొట్టండే అంటాను.