గోడ పొట్ట, లెన్స్ పరీక్ష

ఫెజ్ నగరంలో పాత మదరసాల గోడలను ఫోటోలు తీసే పని హస్నాకు దక్కాలంటే, మీడియం ఫార్మాట్ కెమెరాకు ఆమె కొన్న స్టాండర్డ్ లెన్స్ గీతను గీతగానే చూపాలి. పరీక్షకని వీధిలోని పింగాణీ ముక్కల గోడను తీసింది. అంచులదాకా సన్నని పగుళ్లు కూడా కనిపించాయి గానీ, వరసలు విల్లులా వంగాయి.

"లెన్సే వంకర, మేస్త్రీ! వెనక్కిచ్చేస్తా," అంది.

మొహం బాగాలేదని అద్దాన్ని తిట్టేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. పక్కనే ఉన్న, అలాంటి గోడలు కట్టే మేస్త్రీ బూషైబ్ పకపకా నవ్వాడు.

"ఆగు తల్లీ! మేం ముక్కల్ని బోర్లా పేర్చి వెనక సున్నం పోస్తాం. నిలబెడితేగానీ వాటి మొహం చూడం. ఈ గోడకి ఇలా ఉబ్బిన పొట్ట పెట్టింది మా మామే!"

పైవరస ముందు తాడు బిగించి కట్టాడు. హస్నా మళ్లీ తీసింది. ఫోటోలో వరస వంగింది, తాడు వంగలేదు. ఆ ఫోటోనే మదరసాల పని దరఖాస్తుకు జతచేసింది.