మఠం అక్క చెప్పుకున్న తప్పు

మొన్న మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో దుబాయ్‌కి ఉత్తరాన ఉమ్ అల్ క్వైన్ దగ్గరి దీవిలో బయటపడ్డ పాత క్రైస్తవ మఠం ఫోటో పెట్టారు. ఇసుకలో మోకాలెత్తు గోడలు, సన్యాసులు బతికిన ఇరుకు గదులు. అందరూ చేతులు జోడించే బొమ్మలు పెట్టారు. నేను ఫోను బోర్లా పెట్టేశాను.

దుబాయ్ కరామా పేటలో ఒకే గదిలో ఆరుగురం నర్సులం ఉండేవాళ్లం. అందరికంటే పెద్దది మఠం అక్క. ఏలూరు వైపు మనిషి, పన్నెండేళ్లు మఠకన్యగా ఉండి బయటికొచ్చేసింది. ఎందుకొచ్చావక్కా అంటే, "అది నాకూ దేవుడికీ గొడవలే, మధ్యలో నువ్వెందుకే" అనేది. తను మఠాన్ని వదిలినా మఠం తనని వదల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం చేపల పులుసు ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, మోకాళ్లూని, ఆ వారం చేసిన తప్పులన్నీ పైకి చెప్పుకునేది. ఎడారుల్లో ఒంటరిగా తపస్సు చేసుకునే మునులు ఒకచోట చేరి మఠాలు కట్టుకున్న కాలం నుంచీ ఉన్న పద్ధతట. ఒకరి షాంపూ వాడానని, ఇంకొకరి గురకకి విసుక్కున్నానని. "పులుసు చల్లారిపోతంది, పాపాలు తొందరగా కానియ్యక్కా" అనేదాన్ని నేను.

కరోనా వచ్చిన ఏడాది ఒక బుధవారం నాకు జ్వరం తగిలింది. క్లినిక్‌లో నా కాంట్రాక్టు పొడిగింపు ముదీర్, అంటే మా మేనేజరు, సంతకం కోసం ఆగి ఉంది. మాత్రలు మింగి, తలనొప్పని చెప్పి పడుకున్నాను. పక్క మంచం అక్కదే. రెండు రోజులూ మిరియాల కషాయం కాచి నా చేత తాగించింది.

శుక్రవారం అక్క మోకాళ్లూని, "పొద్దున్నించి నాకు ఒళ్లు కాలిపోతందే. చెప్పకుండా మీ మధ్యే తిరిగాను. క్షమించండమ్మా" అంది. మాకు మంచాలు అద్దెకిచ్చిన భీమవరం ఆవిడ గుమ్మంలోంచే అరిచింది. "ఖలాస్! ఇప్పుడే ఖాళీ చేసెయ్యి. అందర్నీ చంపేత్తావా?"

అక్క భయంగా నా వైపు చూసింది, నాకు అంటించిందేమోనని. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆమెను క్వారంటైన్‌కి తీసుకుపోయారు. అక్క ఒక ఇంట్లో నర్సుగా చూసుకునే ముసలమ్మకి ఆ ఇంట్లోవాళ్లు వేరే నర్సును పెట్టుకుని, అక్క వీసా రద్దు చేశారు. నా కాంట్రాక్టు మీద సంతకం పడింది. ఊరు చేరాక అక్క మెసేజి పెట్టింది. "నీకేం అంటలేదు కదా తల్లీ? నా తప్పు మన్నించు." మన్నించానక్కా అని రాశాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

అక్క నంబరు ఇంకా పనిచేస్తోంది. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నాకు మాత్రం అది నిజం చెప్పుకోవడానికి ఏటేటా గడువు ఇస్తూ వచ్చింది, నేను పుచ్చుకుంటూ వచ్చాను.